ఈదమ్మ పిలుపు, కొండ పలుకు

ఒకప్పుడు కొండలకు మాట తిరిగి ఇచ్చే అలవాటు లేదు. ఎంత గట్టిగా అరిచినా కొండ ఆ అరుపును గుటుక్కున మింగి ఊరుకునేది. దారి తప్పినవాడు గొంతు చించుకున్నా అంతే, ఆకాశం ఉరిమినా అంతే. ఇప్పుడు మీరు కొండ ఎదురుగా నిలబడి "ఓ" అని కేకపెట్టి, అది బదులు పలికితే ఎగిరి గంతులేస్తారే, ఆ సరదా అప్పటి పిల్లలకు లేదు పాపం.

ఆ రోజుల్లో నల్లమల అడవిలో ఒక గూడెం ఉండేది. గూడెంవాళ్ళ పని తేనె తీయడం. తేనె అంటే చేతికందే కొమ్మకు పట్టిన చిన్న పట్టు అనుకునేరు! నిట్టనిలువు కొండచరియకు చేటలంత పట్టులు వేలాడేవి. పైనుంచి తాడు వదిలి, దాన్ని పట్టుకుని దిగి, పొగబెట్టి ఈగల్ని లేపి, అప్పుడు కోయాలి. చేయి జారిందా, ఇక ఇంటికి రావడం ఉండదు.

అందుకే వాళ్ళకొక కట్టుబాటు. పైన తాడు పట్టేవాడు, కిందికి దిగేవాడికి బావమరిదే అయ్యుండాలి. సొంత అన్నదమ్ములు పనికిరారు, స్నేహితులు అసలే పనికిరారు. ఎందుకంటారా? అన్నదమ్ములకు ఏ పాత తగాదానో గుర్తుకు రావచ్చు. స్నేహితుడు దోమ కుడితే చేయి వదలవచ్చు. బావమరిదికి మాత్రం తాడు వదిలితే తన తోబుట్టువు బతుకే లోయలో పడుతుందని తెలుసు. అరచేతులు కోసుకుపోయినా వదలడు. అలా తాడు పట్టినవాడికి తేనెపట్టులో మొదటి ముక్కను ఆ తోబుట్టువే తన చేత్తో తెచ్చిపెట్టాలి.

ఈ కట్టుబాటు ఈదమ్మకు ఉరితాడైంది. ఆమెకు ఒక్కగానొక్క అన్న సిద్ధయ్య. వానాకాలం జ్వరం వచ్చి పోయాడు. ఇక తాడు పట్టే దిక్కు లేక ఆమె మొగుడు పోతయ్య చేతులు ముడుచుకుని కూర్చున్నాడు. ఇంట్లో అడవి గడ్డలే తిండి. పక్కింట్లో తేనె పిండుతుంటే పిల్లలు వేళ్ళు చీకుతూ అటే చూసేవాళ్ళు.

ఒకనాడు పోతయ్య తాడు భుజాన వేసుకున్నాడు.

"యాడికి?" అంది ఈదమ్మ.

"తేనెకు."

"తాడు ఎవరు పడతారు?"

"మద్దిచెట్టు పడతాది. దానికి పాత తగాదాలు ఉండవు గదా, దోమా కుట్టదు."

"నవ్వులాటగా ఉందా నీకు? చెట్టుకు నేనేమన్నా చెల్లెల్నా?" అని ఈదమ్మ మండిపడింది. పోతయ్య వినలేదు. చేసేది లేక ఆమె కూడా వెంట నడిచింది. పోతయ్య పైకెక్కి చెట్టుకు తాడు కట్టాడు. ఈదమ్మ బుట్ట పట్టుకుని చరియ కింద ఒక బండమీద నిలబడింది.

పోతయ్య సగం దిగాడు. పొగబెట్టాడు. ఈగలు ఝుమ్మని లేచాయి. పట్టు కోసి చంకన ఇరికించుకున్నాడో లేదో, పైన చెట్టు కిర్రుమంది. వానలకు నేల నాని, వేళ్ళు వదులైపోయి ఉన్నాయి. ఆ సంగతి పోతయ్య చూసుకోలేదు. చెట్టు ఒరిగింది. తాడు జారింది. మనిషి గిరగిర తిరుగుతూ కిందికి పోతున్నాడు.

"అన్నా!" అని ఈదమ్మ కెవ్వుమంది.

చనిపోయిన అన్నను ఎందుకు పిలిచిందో ఆమెకే తెలియదు. ఇన్నేళ్ళూ తాడు పట్టింది ఆయనే కదా, నోటికి అదే వచ్చింది.

తాడు టక్కున ఆగింది.

ఈదమ్మ తలెత్తి చూసింది. చరియ అంచున రెండు చేతులు కనిపించాయి. వేళ్ళు మనిషివే, కాని మోచేతుల దాకా ఎలుగుబంటికి ఉన్నంత బొచ్చు. ఆ చేతులు బావిలోంచి నీళ్ళు చేదినట్టు పోతయ్యను తేనెపట్టుతో సహా పైకి చేదాయి. పోతయ్య పైకి చేరి, కళ్ళు నులుముకుని చూస్తే ఎవరూ లేరు. చెట్టు పడి ఉంది. తాడు పీచులో ఎర్రటి వెంట్రుకలు చిక్కుకున్నాయి. బురదలో ఒక పాదం గుర్తు ఉంది. అందులో పోతయ్య రెండు పాదాలూ పెట్టినా ఇంకా చోటు మిగిలింది.

ఆ అడవిలో బొచ్చుమనిషి ఉన్నాడని గూడెంలో అందరూ చెప్పుకునేవాళ్ళే. మంగులు తాతను అడిగితే తాటిచెట్టంత ఉంటాడు అనేవాడు. పోలవ్వ అయితే, అబ్బే నా నడుమంతే ఉంటాడు, పాదాలు మాత్రం వెనక్కి తిరిగి ఉంటాయి అనేది. ఏటి దగ్గర చూశామని కొందరు, చింతచెట్టు మీద చూశామని కొందరు. చూసినవాళ్ళు అందరూ, చూపించినవాళ్ళు ఒక్కరూ లేరు! అవి పిల్లల్ని నిద్రపుచ్చడానికి పనికొచ్చే కబుర్లు. కాని ఇప్పుడు తాడుకు వెంట్రుకలు చుట్టుకుని గూడెంలోకే వచ్చేసరికి, నిన్నటిదాకా కబుర్లు చెప్పినవాళ్ళే తలుపులు బిగించుకున్నారు.

గూడెం పెద్ద కాటయ్య అందర్నీ పిలిచాడు. "ఇయ్యాల తేనె వాసనకు వచ్చినాడు. రేపు పిల్లల వాసనకు వస్తాడు. విల్లంబులు తీయండి. కుక్కల్ని విప్పండి" అన్నాడు.

ఈదమ్మ లేచి నిలబడింది. "తాడు పట్టినోడు నాకు అన్న. నా అన్న మీద విల్లు ఎక్కుపెడతారా పెద్దయ్యా?"

"మృగం నీకు అన్న ఎట్ట అవుతాదే? మతి పోయిందా?"

"తాడు పట్టేది బావమరిదే అని మన కట్టుబాటు అవునా, కాదా?"

"అవును."

"నా మొగుడి తాడు పట్టింది ఆయనే గదా? మరి ఆయన నా మొగుడికి బావమరిది. నాకు అన్న. ఇందులో అర్థం కానిది ఏముంది?"

కాటయ్య గడ్డం గోక్కున్నాడు. బావమరిదే తాడు పట్టాలని తాతముత్తాతలు చెప్పారు. కాని తాడు పట్టినవాడల్లా బావమరిది అవుతాడా అన్నది ఎవరూ ఆలోచించలేదు. చివరికి ఆయన ఒక మెలిక పెట్టాడు. "సరే. అన్న అయితే చెల్లెలు పిలిస్తే పలకాల. రేపు పొద్దు గూకేలోగా వాడు నిన్ను 'చెల్లీ' అని పిలవాల, మేము మా చెవులతో వినాల. లేకపోతే కుక్కలు కొండెక్కుతాయి."

"పలుకుతాడు" అంది ఈదమ్మ.

పలుకుతాడో లేదో ఆమెకూ తెలియదు. కాని తన మొగుణ్ణి బతికించినవాణ్ణి తన గూడెంవాళ్ళే చంపితే, ఆ తేనె తన పిల్లల గొంతు దిగదని మాత్రం తెలుసు.

తెల్లవారగానే తేనెపట్టు మొదటి ముక్కను మోదుగాకులో పెట్టుకుని చరియ దగ్గరకు వెళ్ళింది. "అన్నా!" అని పిలిచింది. కొండ గుటుక్కున మింగేసింది. మళ్ళీ పిలిచింది. మళ్ళీ మింగేసింది. ఎండ ఎక్కింది. ఆమె పిలుస్తూనే ఉంది.

దారిన పోతున్న ఎలుగుబంటి ఆగింది. "ఎందుకు తల్లీ గొంతు అరగదీసుకుంటావు? ఇన్నేళ్ళుగా ఇక్కడే ఉన్నా, వాడు నాకే కనబడడు" అంది.

"నాకు కనబడక్కర్లేదు. పలికితే చాలు."

చెట్టుమీది కొండముచ్చు తోక ఊపింది. "నన్ను అన్నా అను, నేను పలుకుతా. ఆ ముక్క ఇటు పడెయ్."

"నువ్వు తాడు పట్టావా?"

"లేదు."

"అయితే నోరు మూసుకుని చెట్టెక్కు."

గాలి వచ్చి చెవిలో, "ఇంటికి పోవమ్మా, ఈ కొండ సంగతి నీకు తెలియదు. నా ఈలలన్నీ మింగేసింది" అని నిట్టూర్చింది.

అప్పుడు ఈదమ్మకు ఒళ్ళు మండింది. చీర కొంగు నడుముకు బిగించి కొండనే నిలదీసింది. "ఏమయ్యా కొండా! పొద్దుటినుంచీ నా పిలుపులన్నీ నీ పొట్టలోకేనా?"

కొండ బద్ధకంగా కళ్ళు తెరిచింది. "నా దగ్గరకు ఏది వచ్చినా దాచుకుంటా. అది నా గుణం. వాన వస్తే దాచుకుంటా. విత్తనం పడితే దాచుకుంటా. మాట అయితే మాత్రం ఎందుకు వదులుతా?"

"వానను దాచుకుని ఊటగా ఇస్తావు. విత్తనాన్ని దాచుకుని చెట్టుగా ఇస్తావు. మాట ఏం పాపం చేసింది? అదొక్కటీ ఎందుకు ఇయ్యవు?"

అన్నేళ్ళ వయసులో కొండను ఆ ప్రశ్న అడిగినవాళ్ళు లేరు. అది కొంచెం సిగ్గుపడింది కూడా.

"నీ అన్న నా గుహలోనే ఉన్నాడు" అని మెల్లగా చెప్పింది. "నువ్వు పిలిచినప్పుడల్లా ఉలిక్కిపడి లేస్తున్నాడు, మళ్ళీ కూర్చుంటున్నాడు. బయటికి వస్తే పిల్లలు జడుసుకుంటారని వాడి భయం. పలుకుదామంటే మాటలు రావు. గుర్రుమనడం ఒక్కటే వచ్చు."

"గుర్రుమంటే బాణం వేస్తారు. వద్దు" అంది ఈదమ్మ. "మాటలు రాకపోతే నా మాటే తీసుకోమను. నేను ఏది అంటే అది పట్టుకుని తిరిగి అనమను. గొంతు మాత్రం నువ్వు అరువియ్యి."

"చూద్దాం" అంది కొండ. కొండలు అంతకంటే తొందరగా మాట ఇవ్వవు.

పొద్దు వాలింది. కాటయ్య, గూడెం మగవాళ్ళు, కుక్కలు, అందరూ వచ్చారు. పోతయ్య తల వంచుకుని వెనక నిలబడ్డాడు.

"పలికినాడా?" అన్నాడు కాటయ్య.

ఈదమ్మ చరియ అంచుకు వెళ్ళి, మిగిలిన గొంతంతా కూడదీసుకుని పిలిచింది.

"అన్నా!"

లోయ అవతల నుంచి, మెల్లగా, తడబడుతూ, "... న్నా!"

కుక్కలు కుయ్యోమని కాళ్ళ సందున దూరాయి. మంగులు తాత చేతిలో విల్లు జారింది. కాటయ్య ఒక్కడే తేరుకున్నాడు. "నిన్ను అన్నా అంటాడేంది? నీకేమన్నా మీసాలు మొలిచినాయా?" అన్నాడు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. "చెల్లీ అనాల అన్నా గదా. ఇది లెక్కలోకి రాదు. నారి బిగించండి."

వింటినారులు బిగుస్తున్న చప్పుడు ఈదమ్మకు వినబడింది. పాపం, ఆయన దగ్గర సొంత మాటలు ఎక్కడివి? ఇచ్చింది ఇచ్చినట్టే తిరిగి ఇచ్చాడు. ఆయన ఏ మాట అనాలో ఆ మాట తానే ఇవ్వాలి. కాని ఆ మాట ఆమె నోటికి ఎక్కడిది? అది సిద్ధయ్య నోటి మాట. ఆయన పోయాక ఆమెను అలా పిలిచినవాళ్ళు లేరు.

కళ్ళు గట్టిగా మూసుకుంది. తనను తానే పిలిచింది.

"చెల్లీ!"

"చెల్లీ..." అంది లోయ. "... ల్లీ..." అంది ఆ వెనక కొండ. ఇంకా అవతలి కొండ కూడా అందుకుంది. అడవి అంతా ఆమెను చెల్లీ అని పిలిచింది.

ఈదమ్మ నిలువునా కూలబడి ఏడ్చింది. అన్న పోయిన రోజున కూడా ఆమె అంతగా ఏడవలేదు.

"ముందు నువ్వు అంటేనే గదా అన్నాడు" అని ఒకడు గొణిగాడు.

పోతయ్య ముందుకొచ్చాడు. "నీ బిడ్డకు మాటలు ఎట్ట వచ్చినాయిరా? నువ్వు అమ్మ అంటే వాడు అమ్మ అన్నాడు. అయ్య అంటే అయ్య అన్నాడు. మా బావకు ఇయ్యాలే మాట వచ్చింది. ఇంకేం కావాల నీకు?"

కాటయ్య తన విల్లు నారి తనే విప్పేశాడు. పెద్ద నారి విప్పాక మిగతావాళ్ళూ విప్పారు.

ఈదమ్మ కళ్ళు తుడుచుకుని తేనె ముక్కను బండ మీద పెట్టింది. "అందరూ అటు తిరగండి. మా అన్నకు సిగ్గు" అంది. అంత పెద్ద కాటయ్య కూడా బుద్ధిగా అటు తిరిగాడు. మళ్ళీ ఇటు తిరిగేసరికి ఆకు ఒక్కటే మిగిలింది.

ఆ తర్వాత కూడా బొచ్చుమనిషిని చూశామని చెప్పేవాళ్ళు చెబుతూనే ఉన్నారు. ముళ్ళకంపకు వెంట్రుకలు చూశామంటారు, ఏటి బురదలో పాదం గుర్తు చూశామంటారు. నమ్మేవాళ్ళు నమ్ముతారు, నవ్వేవాళ్ళు నవ్వుతారు. ఆ గూడెంలో మాత్రం ఎవరూ ఆయన కోసం వెతకలేదు. చరియ దిగే ముందు ఒక్కసారి పిలుస్తారు, పలుకు వినబడ్డాక దిగుతారు, అంతే.

అప్పటినుంచే కొండల ముందు నిలబడి పిలిస్తే కొండ పలుకుతుంది. మనం ఏ మాట ఇస్తే ఆ మాటే తిరిగి ఇస్తుంది. తిడితే తిడుతుంది, ముద్దుగా పిలిస్తే ముద్దుగా పిలుస్తుంది. తోబుట్టువులు లేనివాళ్ళు కూడా అక్కడికి వెళ్ళి గట్టిగా పిలవవచ్చు, వాళ్ళకూ పలుకుతుంది.