పడవ ఆయిల్ తాగిన రంపం

తాతబ్బాయి మేస్త్రిని ఏదైనా అడిగితే నోటితో జవాబు చెప్పడు, చేతిలో ఏదో ఒకటి పెడతాడు. అదీ ఆయన అలవాటు. మొగలిపాలెం రేవులో ఆయన చెయ్యి పడని పడవ మోటారు లేదు. చచ్చిన ఇంజను మీద చెవి ఆనిస్తే చాలు, అది తన పుట్టుపూర్వోత్తరాలన్నీ చెప్పుకుని మరీ లేచి కూర్చునేది. ఒకసారి ఆయన స్టార్టు తాడు లాగిన ఊపుకి, ఒడ్డున బల్లకి బిగించిన మోటారు బల్లతో సహా నీళ్లలోకి నడిచి వెళ్లింది. చూసినవాళ్లు పాతికమంది ఉన్నారు. చూడనివాళ్లు ఇంకా బాగా చెబుతారు.

అంతటివాడి దగ్గర పదేళ్లు పని నేర్చిన దానియేలు, ముప్పై దాటిన మనిషి, ఆ ఏడే సొంతంగా రంపం మిషను కొనుక్కున్నాడు. రెండు రోజుల్లో తుపాను తీరం దాటుతుందని కబురు. గాలి తగ్గగానే రోడ్డు మీద చెట్లు కోసే పని పంచాయతీ వాళ్లు అతనికే అప్పజెప్పారు. మిషనుతో పాటు ఇచ్చిన చిన్న ఆయిల్ సీసా అయిపోయింది. అలాంటిది మళ్లీ కావాలంటే పట్నం పోవాలి, రానూపోనూ ఒక పూట. ఇంట్లో చూస్తే పడవ మోటారుకి పోసే టూటీ ఆయిల్ డబ్బా నిండుగా ఉంది. దాన్ని చంకన పెట్టుకుని మేస్త్రి షెడ్డుకి వచ్చాడు.

"గురువుగారండీ, పడవదీ టూ స్ట్రోక్ ఇంజనే, రంపానిదీ టూ స్ట్రోక్ ఇంజనే. పెట్రోల్లో కలిపే పాళ్లూ ఒకటే. పైగా ఇది ఖరీదైన సరుకు. రంపానికి ఇదే పోసేస్తే ఏమండీ? మంచి ఆయిల్ కాదాండీ?"

మేస్త్రి లేచి, గోడ మేకుకి తీగతో వేలాడుతున్న చిన్న పిస్టన్‌ని తీసి దానియేలు అరచేతిలో పెట్టాడు. పదేళ్లుగా దాన్ని చూస్తూనే ఉన్నాడు దానియేలు. షెడ్డుకి దిష్టి తగలకుండా కట్టారనుకునేవాడు.

"గోరుతో గీరి చూడు."

గీరాడు. నున్నగా ఉండాల్సిన పక్క నిండా నిలువు గాట్లు, పులి గోళ్లు పెట్టి చీరినట్టు. గోరు ఇరుక్కుంది.

అప్పుడు చెప్పాడు మేస్త్రి, ఇరవై రెండేళ్ల కిందటి తుపాను సంగతి. ఆ గాలికి మొగలిపాలెం కోళ్లు పక్క జిల్లాలో దిగి గుడ్లు పెట్టాయంటారు. తెల్లవారేసరికి ఊరికీ లోకానికీ మధ్య రోడ్డంతా చెట్లే. ఊళ్లో ఉన్నది ఒక్కటే రంపం మిషను, తాతబ్బాయిది. దాని ఆయిల్ మూడు చెట్లకే అయిపోయింది. అప్పుడు చెల్లెలి మొగుడు పోలయ్య తన పడవ ఆయిల్ డబ్బా భుజాన వేసుకుని వచ్చాడు.

"సముద్రాన్ని దాటించిన ఆయిల్ బావా ఇది, నీ కట్టెముక్కలొక లెక్కా? పొయ్యి!"

తాతబ్బాయి పోశాడు. చుక్క అటూ ఇటూ కాకుండా కొలిచే పోశాడు. ఆ రోజు ఆయన పదకొండు చెట్లు కోశాడు. ఊరు అరవై అంటుంది, ఆయనా ఎప్పుడూ కాదనలేదు. ఒక్కో మాను తెగినప్పుడల్లా పోలయ్య ఈల వేసి, "చూశారా! మా డబ్బా తాగాక మిషను సొరచేపయింది! నీ గొప్పేం లేదు బావా, అంతా నా ఆయిలే!" అని ఊరందరి ముందూ ఆట పట్టించాడు.

మధ్యాహ్నం దాటాక, పడవ ఎలా ఉందో చూసొస్తానని పోలయ్య ఏటి ఒడ్డుకి దిగాడు. వేళ్లు లేచి వాలి ఉన్న నిద్రగన్నేరు అప్పుడు అతని మీద పడింది. నడుం నుంచి కిందంతా మాను కింద, ఒళ్లంతా ఏటి బురదలో. మనిషికి తెలివి ఉంది. ఊరంతా పట్టినా మాను కదల్లేదు. తాతబ్బాయి మిషను తీసుకుని పరిగెత్తాడు. ఏరు పోటు మీద ఉంది, నీళ్లు పెరుగుతున్నాయి.

"తొందరేం లేదు బావా, నేనెక్కడికీ పోను," అన్నాడు పోలయ్య. ఒడ్డున నిలబడ్డ అతని భార్య అప్పలకొండ కూడా ఆ మాటకి నవ్వింది.

రంపం సగం మాను దాకా దిగింది. అక్కడ దాని గొంతు మారింది. చచ్చిన ఇంజన్ల మాట వినే ఆ చెవి, బతికున్న దాని అరుపు ఆ రోజు పొద్దుటి నుంచీ వినలేదు. ఒక్క కీచు. ఆగింది. తాడు లాగాడు, రాలేదు. రెండు చేతులతో లాగితే తాడు తెగి చేతికొచ్చింది.

గొడ్డళ్లు తెచ్చారు. అప్పటికి కోత పడ్డ చోటు నీళ్లలో మునిగింది. నీళ్లలో గొడ్డలి దిగదు.

ఇంత చెప్పి మేస్త్రి ఆగాడు. ఏటి గాలికి షెడ్డు రేకులు కొట్టుకుంటున్నాయి. దానియేలు చేతిలోని పిస్టన్‌ని తిప్పి చూశాడు.

"కొలత తప్పలేదు కదండీ," అన్నాడు.

"తప్పలేదు. పడవ మోటారుకి ఒళ్లు కాలితే చల్లార్చడానికి సముద్రం ఉంది, నీళ్లు దాని లోపలంతా తిరుగుతాయి. దానికి చేసిన ఆయిల్ అది. రంపానికెవరున్నార్రా, గాలి తప్ప? పొద్దుటి నుంచీ లోపల కాలుతూనే కోసింది. నేను చెట్లు లెక్కపెట్టుకుంటున్నాను."

ఆ రంపం పిస్టన్‌ని తీసుకుని, పంచెతో తుడిచి, మేకుకి తగిలించాడు.

దానియేలు ఆయిల్ డబ్బా బల్ల మీదే వదిలేశాడు. పట్నం బస్సు ఇంకా ఉందా అని అడిగితే, పావుగంటలో రేవు దగ్గరికి వస్తుందన్నాడు మేస్త్రి. దానియేలు గుమ్మం దాకా వెళ్లి, అడగకూడదనుకుంటూనే వెనక్కి తిరిగాడు.

"పోలయ్యగారు చివర్న ఏమైనా అన్నారాండీ?"

మేస్త్రి బల్ల మీది డబ్బాని చూస్తున్నాడు.

"నీళ్లు గడ్డం దాకా వచ్చాయి. అప్పుడు నా మొహం చూశాడు. 'ఆయిల్ మంచిదే బావా' అన్నాడు." మేస్త్రి డబ్బా మూత బిగించాడు. "మంచిదేరా."