సగం పాట

చిత్రగిరిలో గంపలల్లే నాంచారి తన వాకిట్లో పిల్లలకు పాట నేర్పేది. ఎప్పుడూ సగమే నేర్పేది. "మిగతాది మీరే కట్టుకుని రండి" అని పంపేసేది. పిల్లలు దారంతా కూనిరాగాలు తీసుకుంటూ పోయి, తెల్లారగానే పరుగెత్తుకొచ్చేవారు.

ఆస్థాన విద్వాంసుడు శంభుభట్టుకు ఇది కంటగింపైంది. "ప్రభూ, ఈ మనిషికి వచ్చిందే సగం పాట. ఈమె శిష్యులు తలో రకంగా పాడతారు. నా శిష్యులు పాడితే అచ్చం నేను పాడినట్టే ఉంటుంది. ఆ బడి మూయించండి" అన్నాడు రాజుతో.

సభకు పిలిపిస్తే నాంచారి బెదరలేదు. "అలాగే మూస్తాను మారాజా. ముందు ఒక్క పరీక్ష పెట్టండి. పిల్లలు తెర వెనక పాడాలి. ఎవరు పాడారో గురువు చెప్పాలి. తన పిల్లల్ని పోల్చుకోలేని గురువు బడి మూసేద్దాం."

ఇదీ ఒక పరీక్షేనా అని భట్టు నవ్వుతూ ఒప్పుకున్నాడు.

అతని శిష్యుడొకడు పాడాడు. అచ్చం భట్టే. ఇంకొకడు పాడాడు. అదీ భట్టే. చెప్పిన పేరల్లా తప్పుతుంటే అతనికి చెమటలు పట్టాయి.

నాంచారి పిల్లలు గొంతెత్తగానే ఆమె ముఖం వెలిగిపోయింది. "అదిగో మా గవరమ్మ. అలా సాగదీసే పిల్లాడు మా చిన్నప్పడు" అంటూ అందరినీ పోల్చేసింది.

"మరి భట్టుగారి బడి మూయించమంటావా?" అన్నాడు రాజు.

నాంచారి తలెత్తి చెప్పింది: "వద్దు మారాజా. ఆయన నేర్పే సగం బాగానే ఉంది. మిగతా సగానికి పిల్లల్ని నా వాకిటికి పంపమనండి."