ఝల్లు చలివేంద్రం

నరహరికి ఆ పూట ముద్ద దిగలేదు. గురువుగారిని అడక్కుండానే కంపెనీవాళ్ళకు సరేనని మాటిచ్చేసి వచ్చాడు మరి.

కంభం రోడ్డు పక్కన పుల్లయ్యదాసుగారి ఆశ్రమం. ఆశ్రమమంటే రెండు కొట్టాలు, చేనవతల ఓ బావి, అంతే. వేసవి వచ్చిందంటే రోడ్డువారన తాటాకు పందిరి వేసి, కుండల్లో నీళ్ళు నింపి, దారినపోయేవాళ్ళ దాహం తీర్చడమే అక్కడి జపమూ తపమూ. మంత్రోపదేశం ఆశించి వచ్చిన నరహరి భుజాన గురువుగారు నీళ్ళకావడి పెట్టారు. డిగ్రీ చదివినవాడికి ఆ కావడి బరువు భుజం కన్నా మనసులోనే ఎక్కువ తెలిసేది.

ఇప్పుడు ఆ బరువు దిగే దారి దొరికింది. ఝల్లు అనే కూల్‌డ్రింకు కంపెనీవాళ్ళు టీవీ ప్రకటన తీస్తారట. తాటాకు పందిరి, మట్టికుండలు, తెల్లగడ్డం గురువు, ఇత్తడి చెంబు. చెంబులోంచి పడేది మాత్రం ఝల్లు. కింద 'తాతలనాటి చల్లదనం' అని అక్షరాలు. షూటింగు కుదిరితే ఆ వేసవంతా పందిట్లో నీళ్ళకు బదులు ఝల్లే, అదీ ఉచితంగా. కావడి అటకెక్కినట్టే.

నరహరి నసుగుతూ సంగతి చెప్పాడు. మన సంప్రదాయం ఊరూరా తెలుస్తుందని కూడా చేర్చి, చివాట్లకు సిద్ధపడి తల వంచుకున్నాడు. దాసుగారు గడ్డం గోక్కున్నారు.

"కానీలే నాయనా. పద్ధతి మాత్రం తప్పకూడదు."

నరహరి ప్రాణం లేచొచ్చింది.

షూటింగు నాడు కంపెనీ తరఫున కౌండిన్య అనే కుర్రాడు దిగాడు. వట్టివేళ్ళ తడికలు కట్టించాడు. కుండలకు సున్నంతో ముగ్గులు పెట్టించాడు. కెమెరా ఏ కుండవైపు తిరిగినా ఇబ్బంది రాకూడదని, అన్నిట్లోనూ నీళ్ళు పారబోయించి ఝల్లు నింపించాడు. పొద్దున మోసుకొచ్చిన నీళ్ళను నరహరే దగ్గరుండి హుషారుగా పారబోశాడు.

తీరా చూస్తే బాటసారి వేషం వేసిన నటుడికి దోసిలి పట్టడం రాదు. వేళ్ళ సందుల్లోంచి సగం, మోచేతుల మీదుగా సగం కారిపోయింది. చొక్కాలు మార్చి మార్చి అతనికి విసుగొచ్చింది. కౌండిన్య తల పట్టుకుంటే, మావాడికి వచ్చునని దాసుగారు శిష్యుణ్ణి చూపించారు.

టీవీలో తన మొహం! నరహరి ఉబ్బితబ్బిబ్బయ్యాడు. తలపాగా చుట్టించుకుని, గొంతుక్కూర్చుని, దోసిలి పెదాలకు ఆనించాడు. గురువుగారు చెంబు ఎత్తిపట్టి పోయసాగారు.

చలివేంద్రానికో పద్ధతి ఉంది. తాగేవాడు చాలని తలాడించేదాకా పోసేవాడు ఆపకూడదు. నరహరి చేతుల్లో నురగ పొంగింది. గ్యాసు ముక్కులోకెక్కింది. తలాడిద్దామంటే కెమెరా చూస్తోంది. అతను మింగుతూనే ఉన్నాడు, గురువుగారు పోస్తూనే ఉన్నారు. చివరికి గొప్ప తేన్పు ఒకటొచ్చి తల దానంతటదే ఊగింది.

అక్కడితో ఆగినా పరువు దక్కేది. ఆఖరి దోసెడు మొహాన కొట్టుకోవడం ఆ ఎండదారి మనుషులకు పుట్టుకతో వచ్చిన అలవాటు. నరహరి చేతులు మాత్రం ఊరుకుంటాయా? కళ్ళనిండా ఝల్లు కొట్టుకున్నాడు.

కుయ్యోమొర్రోమంటూ లేచి, తడుముకుంటూ పోయి, చేతికందిన కుండలో చేయి ముంచి కళ్ళు కడుక్కున్నాడు. ఝల్లు. పక్క కుండలో ముంచాడు. అదీ ఝల్లే. పందిరంతా గాలించేసరికి జుట్టు అట్టకట్టింది, ఈగలు ముసిరాయి. కౌండిన్య కంగారుగా పరుగెత్తుకొచ్చి ఓ చల్లటి సీసా చేతిలో పెట్టాడు. నరహరి దాన్నీ నెత్తిన గుమ్మరించుకున్నాడు. అందులో ఏముందో వేరే చెప్పాలా?

అప్పుడే మేకలు తోలుకుంటూ ఓ ముసలమ్మ పందిరి కిందికొచ్చింది. రోజూ ఆ వేళకు వచ్చే మనిషే. కెమెరాల వంక చూడనైనా చూడకుండా కూలబడి, దోసిలి పట్టింది.

"పొయ్యి నాయనా, నాలుక పిడచకట్టుకుపోయింది."

నరహరి ఒంటికన్ను తెరిచాడు. ఎండకు నల్లగా కమిలిన ఆమె మొహం కనిపించింది. తన కళ్ళమంట మరిచిపోయాడు. గురువుగారివైపు తిరిగాడు.

"సామీ, నీళ్ళు?"

దాసుగారు వట్టివేళ్ళ తడికలను చూశారు. ముగ్గుల కుండలను చూశారు. చేతిలోని ఇత్తడి చెంబునూ ఒకసారి చూసుకున్నారు.

"సంప్రదాయమంతా ఇక్కడే ఉంది నాయనా. నీళ్ళొక్కటే లేవు."

ముసలమ్మ పట్టిన దోసిలి దించలేదు. నరహరి తలపాగా తీసి కౌండిన్య చేతిలో పెట్టాడు. మూలనున్న కావడి భుజానికెత్తుకుని, కళ్ళు చికిలించుకుంటూ, ఈగలు వెంటరాగా బావివైపు పరుగెత్తాడు.