నీలిమందు పూసిన రంపం

దస్తగిరికి ఆ ఇనప మూత అంటే మొదటినుంచీ చిరాకే.

ఖాసిం బాబా చెక్కపని షెడ్డులో గుండ్రటి రంపం మిషన్ ఒకటి ఉండేది. బల్ల మధ్యలోంచి రంపం సగం పైకి వచ్చి గిర్రున తిరుగుతుంది. చెయ్యి పొరపాటున పళ్ల దగ్గరికి పోకుండా దాని మీద గొడుగులా ఒక మూత. చెక్కను చివరిదాకా నెట్టడానికి పక్కనే ఒక తోపుడు కర్ర. దస్తగిరి మూత ఊడదీసి గోడ మేకుకు తగిలించేవాడు. కర్ర ఎక్కడుందో కూడా చూసేవాడు కాదు.

ఖాసిం బాబా సూఫీ గురువు. కడప దాటాక కొండ కింద ఆయన ఉండే చోటికి ఎవరెవరో వచ్చేవారు. కొందరు అక్కడే ఉండిపోయేవారు. ఉండిపోయినవాళ్లు ఆయనతో పాటు చెక్కపని చెయ్యాల్సిందే. బడులకు బల్లలు, ఇళ్లకు తలుపులు చేసేవారు. చిత్రిక పట్టే చప్పుడులో కూడా దేవుణ్ణి తలుచుకోవచ్చని బాబా అనేవారు.

శిష్యులందరిలోకీ దస్తగిరిది వేగమైన చెయ్యి. అతను కోసిన చెక్కకు మళ్లీ చిత్రిక అక్కర్లేదని చెప్పుకునేవారు. ఆ మాట అతని చెవిన కూడా పడింది.

పొద్దున్నే బాబా వచ్చి మూత మళ్లీ బిగించేవారు. ఆయన అటు వెళ్లగానే దస్తగిరి మళ్లీ తీసేవాడు. కొన్నాళ్లు అలా నడిచింది.

ఒకరోజు బాబా షెడ్డులోకి వచ్చేసరికి మిషన్ దగ్గర ఓబులేసు ఉన్నాడు. పనిలో కొత్తగా చేరినవాడు. మూత మేకుకు వేలాడుతోంది. ఓబులేసు చొక్కా చేతులకు గుండీలు కూడా లేవు. వదులు గుడ్డ రంపం పక్కనే అల్లాడుతోంది. బాబా కేక వెయ్యలేదు. నెమ్మదిగా నడిచి వెళ్లి స్విచ్చి ఆపారు. రంపం నిలిచేదాకా ఉండి, ఇదేమిటని అడిగారు. దస్తగిరన్న ఇలాగే చేస్తాడు కదా అన్నాడు ఓబులేసు.

బాబా దస్తగిరి వైపు చూశారు.

దస్తగిరి తలవంచుకోలేదు. కొత్తవాళ్లకు మూత ఉండాల్సిందేనని, ఓబులేసు చేసింది తప్పేనని ఒప్పుకున్నాడు. తన సంగతి వేరన్నాడు.

"పని చేస్తున్నంతసేపూ నా మనసు రంపం మీదే ఉంటుంది బాబా. మీరు నేర్పిందే కదా అది. మనసు నిలిచినవాడికి మూత దేనికి?"

బాబా వంగి ప్లగ్గు పీకేశారు. ఆ తీగను మిషన్ నుంచి కూడా ఊడదీసి, చుట్టచుట్టి తన భుజాన వేసుకున్నారు. ఇంట్లోకి వెళ్లి, భార్య బీబీజాన్ అమ్మ తెల్లబట్టలకు పెట్టే నీలిమందును గిన్నెలో చిక్కగా కలిపి తెచ్చారు. కదలకుండా ఉన్న రంపం పళ్లన్నిటికీ కుంచెతో నీలం పూశారు. తర్వాత, ముందే కోసి ఉంచిన చెక్కలను చూపించి, రోజూ కోసేటట్టే వాటిని ఒక్కొక్కటీ రంపం పక్కనుంచి నెట్టమన్నారు.

దస్తగిరి నవ్వుకుంటూ మొదలుపెట్టాడు. మొదటి చెక్కలను కళ్లు తిప్పకుండా నెట్టాడు. బాబా ఒక పీట మీద కూర్చుని టీ తాగుతున్నారు.

కాసేపటికి బీబీజాన్ అమ్మ గుమ్మంలోంచి, మధ్యాహ్నం వంకాయ చెయ్యాలా మునక్కాడ చెయ్యాలా అని అడిగింది. వంకాయ అన్నాడు దస్తగిరి, చెక్క నెడుతూనే. ఇంతలో మేక ఒకటి లోపలికి దూరి ఓబులేసు తువ్వాలు నమలడం మొదలుపెట్టింది. అందరూ దాని వెంట పడ్డారు. దస్తగిరి పడలేదు. ఉన్నచోటే ఉండి, చెవులు పట్టుకోండి, చెవులు పట్టుకోండి అని చెబుతూ చెక్కలు నెట్టాడు. మేక బయటికి పోయాక, మీ పాప నడుస్తోందటగా అని బాబా అడిగారు. దస్తగిరి ముఖం వెలిగిపోయింది. అది నడవడం కాదు బాబా, తాగినవాడిలా ఊగడం అంటూ, ఎలా ఊగుతుందో తల ఆడించి చూపించాడు. చేతులు మాత్రం పని ఆపలేదు.

చెక్కలు అయిపోయాయి. బాబా టీ గ్లాసు కింద పెట్టి, చేతులు చూపించమన్నారు.

దస్తగిరి ధీమాగా చాపాడు.

బొటనవేలి కొస నీలం. చూపుడువేలు అడ్డంగా, గీత గీసినట్టు నీలం. ఇంకో చేతి అరచెయ్యి పక్కన పళ్ల గుర్తులు వరసగా, లెక్కపెట్టుకునేంత స్పష్టంగా ఉన్నాయి. ఓబులేసు నవ్వు ఆపుకోలేక తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. దస్తగిరి చెమట పట్టిన ముఖం తుడుచుకున్నాడు. దాంతో ముక్కు కూడా నీలమైంది. ఈసారి అమ్మ కూడా నవ్వింది.

"ఎప్పుడు తగిలింది?" బాబా అడిగారు.

"తెలియలేదు బాబా."

"మిషన్ ఆగి ఉంది కదా. అందుకని తెలియలేదు."

నవ్వులు ఆగిపోయాయి. దస్తగిరి తన వేళ్లను ఒక్కొక్కటిగా మడిచాడు, మళ్లీ చాపాడు. అన్నీ కదులుతున్నాయి.

ఎంత తోమినా ఆ నీలం వెంటనే వదల్లేదు. ఆ చేతులతోనే భోజనం చేశాడు. ఆ చేతులతోనే మేకు నుంచి మూత తీసుకొచ్చి రంపం మీద పెట్టి మరలు బిగించాడు. ఓబులేసును పిలిచి చొక్కా చేతులు మోచేతుల దాకా మడిపించాడు. తోపుడు కర్రను బల్ల మీద, అందే దూరంలో పెట్టాడు.

బాబా తీగ మళ్లీ తగిలించి, తన పని కోసం ఒక చెక్క పలక పట్టుకొచ్చారు. దస్తగిరి పక్కకు తప్పుకున్నాడు. అయినా ఒక సందేహం మిగిలిపోయింది.

"బాబా, మా మనసులు చెదురుతాయి. మీ మనసు చెదరదు కదా. మీరు కోసేటప్పుడు మూత తీసి ఇవ్వనా?"

బాబా తోపుడు కర్ర చేతిలోకి తీసుకున్నారు.

"ఆ మూత నాకోసం చేయించుకున్నది, దస్తగిరీ. మీరంతా తర్వాత వచ్చారు."