సొల్‌గోగె కనుమలో నోరు లేని ఉప్పవ్వ

కొరియా దేశపు దక్షిణ తీరాన ఉన్న ఒక పెద్ద నగరంలో సొల్‌గోగె అనే పేట ఉంది. వారి భాషలో ‘సొల్’ అంటే పైన్ చెట్టు, ‘గోగె’ అంటే కనుమ. రెండూ కలిపి చదివితే పైన్ చెట్ల కనుమ అని అర్థం వస్తుంది.

ఈ పేటకు వచ్చే యాత్రికులకు చూడవలసినవాటికి కొదవ లేదు. రైలు దిగగానే ఉప్పు మ్యూజియం కనిపిస్తుంది. పూర్వం సముద్రపు నీటిని కాచి ఉప్పు తీసిన ఇనుప బానలు అందులో ఉన్నాయి. మ్యూజియం వెనుక తామర కొలనుతో పెద్ద పార్కు, పార్కు చివర కొండ మీదికి రోప్‌వే, కొండ మీద అద్దపు వంతెన. వంతెన మీద కాళ్ళు వణుకుతున్నా ఫోటో తీయించుకోకుండా దిగేవారు అరుదు.

అయితే పార్కుకూ కొండకూ నడుమ ఒక ఇరుకు దారి ఉంది. దాని మొదట్లో ఒకటి, చివర ఒకటి, కోరలున్న ముఖాలు చెక్కిన కొయ్య స్తంభాలు నిలిచి ఉంటాయి. అంతదాకా కేరింతలు కొట్టిన బడిపిల్లలు కూడా మొదటి స్తంభం దగ్గరకు రాగానే నోరు మూసుకుంటారు. దారి పక్కన పైన్ చెట్ల నీడలో, కూర్చున్న మనిషంత ఎత్తున ఒక తెల్లని రాయి ఉంది. దానికి చెవులున్నాయి, ముడుచుకున్న మోకాళ్ళున్నాయి, నోరు మాత్రం లేదు. చెక్కినవాడు మరచిపోయాడని కొందరు నవ్వుతారు. నోరు ఎందుకు లేదో తెలిస్తే, ఆ దారిలో ఎవరూ ఎవరినీ పేరు పెట్టి ఎందుకు పిలవరో కూడా తెలుస్తుంది.

పూర్వం ఇక్కడ పార్కూ లేదు, రైలూ లేదు. కనుమకు ఇవతల పది పూరిళ్ళు, అవతల సముద్రం. నడుమ కొండలో ఒక పులి. ఈ పేటవారు ఆకలి పులికి భయపడేవారు కాదు, దాన్ని డప్పులు కొట్టి తరిమేవారు. వారు భయపడింది పులి వెంట నడిచే గొంతుకి. పులి చంపిన మనిషి ఆత్మ దానికి బానిస అవుతుందని, దాని ముందు నడుస్తూ అయినవాళ్ళని పేరు పెట్టి పిలుస్తుందని, పలికినవారు పులి నోట పడతారని వారి నమ్మకం. ఒకరు పలికితేగాని ఆ ఆత్మకు విడుదల లేదు. అటువంటి ఆత్మను వారు ‘ఛాంగ్‌గ్వి’ అంటారు.

ఆ పూరిళ్ళలో ఒకదానిలో జొమ్నే అనే ముసలామె ఉండేది. అవతలి ఒడ్డున కాచిన ఉప్పును తట్టలో నెత్తిన పెట్టుకుని, కనుమ దాటి ఇవతల అమ్ముకునేది. అందరూ ఆమెను ఉప్పవ్వ అనేవారు. కొడుకు చేపల పడవతో వెళ్ళి సముద్రంలో కలిసిపోయాడు. ఇంట మిగిలింది కోడలు, మనవరాలు.

పిల్ల పుట్టినప్పుడు అవ్వ ఒక మాట చెప్పింది. బిడ్డకు ఊహ తెలిసేదాకా మంచి పేరు పెట్టకూడదని, ఏ చెడ్డ కన్నూ పడకుండా గెత్తోంగి అని పిలుద్దామని. గెత్తోంగి అంటే కుక్కపేడ. నవ్వకండి. మన వైపు పిల్లలు దక్కని ఇంట బిడ్డను చాటలో వేసి పెంటకుప్ప మీద పెట్టి, తిరిగి తెచ్చుకుని పెంటమ్మ, పెంటయ్య అని పిలుచుకోవడం లేదా? ఇదీ అంతే. కోడలు మాత్రం ఒప్పుకోలేదు. పువ్వులాంటి పిల్లని పేడ అని పిలవనని, యొన్‌హ్వా అని పెట్టింది. తామరపువ్వు అని అర్థం. “పులి వచ్చి పేర్లు చదువుకుంటుందా అత్తయ్యా?” అని నవ్వి, వాకిట్లో నిలబడి ఊరంతా వినేలా పిలిచేది.

ఒక శీతకాలం అవ్వ జ్వరంతో పడకేసింది. ఉప్పు తట్ట కోడలు ఎత్తుకుంది. తిరిగి రాలేదు. వెదకబోయినవారికి కనుమలో ఒక గడ్డి చెప్పు, బోర్లాపడిన తట్ట, చెల్లాచెదురైన ఉప్పు కనిపించాయి.

గడ్డకట్టిన నేల కరిగే రోజుల్లో సముద్రం మీదినుంచి పొగమంచు లేచింది. పట్టపగలే ఎదుటి చెట్టు కనపడలేదు. అప్పుడు కనుమ వైపునుంచి ఒక పిలుపు వినిపించింది. “యొన్‌హ్వా...” గొంతు కోడలిదే. అవ్వ పిల్ల చెవులు రెండూ మూసింది. మంచు విడిచాక పిలుపు ఆగింది. మళ్ళీ మంచు కమ్మినప్పుడు ఆ పిలుపు పొలం గట్టునుంచి వచ్చింది. ఆ పై మంచుకు పెరటి గోడ అవతలికి వచ్చింది.

పిల్ల అవ్వ చేతులు విదిలించుకోవడం మొదలుపెట్టింది. “ఒమ్మా పిలుస్తోంది కదా అవ్వా, పలకకపోతే కోప్పడదూ?” అంది. వారి భాషలో ‘ఒమ్మా’ అంటే మన అమ్మే. అవ్వ పిల్లను ఇంకా దగ్గరకు లాక్కుంది. పుట్టినది మొదలు పిలిస్తే పలకాలని నేర్పింది తానే మరి.

అవ్వ ఆ ఊరి ముదాంగ్ బోంగ్నే దగ్గరకు వెళ్ళింది. ముదాంగ్ అంటే మన గణాచారి లాంటిది, దేవతలు పూనే మనిషి. బోంగ్నే విని, ఆ పేరు గలవారు పలికేదాకా ఆ గొంతు ఆగదని, పిల్ల ఎన్నాళ్ళో ఊరుకోలేదని చెప్పింది. అయితే ఆ పేరు పిల్లకి లేకుండా చేస్తే సరి కదా అని అవ్వ అడిగింది. పిల్లకి లేకపోయినా ఎవరికో ఒకరికి ఉండాలంది బోంగ్నే. “నాకు పెట్టు” అంది అవ్వ.

పిల్లను చాటలో కూర్చోబెట్టి ఎరువుకుప్ప మీద దించారు. ఎత్తుకున్నప్పుడు అది గెత్తోంగి. యొన్‌హ్వా అన్న పేరును బోంగ్నే అవ్వ రవిక ముడిలో మంత్రించి కట్టింది. “ఈ వయసులో తామర పూసిందక్కా. కొలను ఎక్కడుందో చూసుకో” అని పరిహాసమాడింది.

అవ్వ లేవబోయి ఆగింది. పలికినవాళ్ళు ఆ తరువాత ఏమవుతారని అడిగింది. బోంగ్నే ముఖం తిప్పుకుంది.

“పిలుస్తారక్కా. అందరికంటే ముద్దయిన పేరే ముందు నోటికొస్తుంది.”

అంటే అర్థమైంది కదా? కోడలి స్థానంలో రేపు గోడ అవతల నిలబడి గెత్తోంగి అని పిలవబోయేది తానే. ఇంటికి వస్తున్నంతసేపూ అవ్వ తన నోటికే భయపడింది.

ఆ రోజునుంచి పిల్లకి కొత్త పాఠం మొదలైంది. యొన్‌హ్వా అంటే తిరిగి చూడకూడదు, గెత్తోంగి అంటే పలకాలి. తప్పు లేకుండా చేస్తే ఎండు రేగుపండు. ఇరుగుపొరుగులు యొన్‌హ్వా అంటే, అవ్వ పొయ్యి దగ్గరనుంచి చిన్నపిల్లలా “ఆఁ” అని పలికేది. వాళ్ళు విరగబడి నవ్వేవారు. అవ్వ నవ్వేది కాదు.

మళ్ళీ పొగమంచు వచ్చింది. బోంగ్నే తోడుగా వచ్చి కూర్చుంది. ఈసారి పిలుపు గుమ్మం కాగితపు తలుపు అవతలనుంచే వచ్చింది. తడిసిన బొచ్చు వాసన గదిలోకి వచ్చింది. “యొన్‌హ్వా, జడ ఊడిపోయింది కదమ్మా. రా, వేస్తాను.” పిల్ల చెయ్యి తన జడ మీదికి వెళ్ళింది. జడ నిజంగానే ఊడి ఉంది. పాఠమంతా మరచిపోయి నోరు తెరవబోయింది.

“వస్తున్నా ఒమ్మా!” అని అవ్వ పలికింది. పిల్లను బోంగ్నే ఒడిలోకి తోసి, ఉప్పు తట్ట చంకన పెట్టుకుని, జుట్టు ముడి విప్పుకుని, తన కోడలిని అమ్మా అని పిలుస్తూ మంచులోకి నడిచింది.

గొంతు ముందు, అవ్వ వెనుక. వీరిద్దరి వెనుక ఎండుటాకుల మీద బరువైన అడుగులు. వెనుదిరిగి చూస్తే కాళ్ళు ఆగిపోతాయని అవ్వకు తెలుసు. కనుమ చేరాక చల్లని వేళ్ళు ఆమె జుట్టును మూడు పాయలు చేశాయి. సగం అల్లి ఆగిపోయాయి. చేతిలో ఉన్నది నెరసిన జుట్టు.

“అత్తయ్యా, మీరా?”

“ఆ పేరు గలదాన్ని నేనే తల్లీ. పలికాను. ఇక నువ్వు వెళ్ళు.”

ఏడుపు ఒకటి చెట్ల మీదుగా సముద్రం వైపు సాగి అణిగిపోయింది. వెనుక అడుగులు దగ్గరయ్యాయి. అప్పుడే అవ్వ గొంతులో ఏదో కదిలింది. తాను తలవకుండానే ‘గె’ అన్న అక్షరం నాలుక చివరికి వచ్చింది. అవ్వ తట్టలోని ఉప్పు దోసిళ్ళతో తీసి నోట కుక్కుకుంది. పెదవులు బిగించి, మోకాళ్ళు ముడుచుకుని అక్కడే కూర్చుంది.

మంచు విడిచాక ఊరివారు డప్పులతో వచ్చి చూస్తే, అక్కడ తెల్లని రాయి ఉంది. చుట్టూ పులి అడుగులు తిరిగి తిరిగి కొండ మీదికి వెళ్ళిపోయాయి. పిలిచే గొంతు లేని పులి ఆ పైన ఈ పేటకు రాలేదంటారు.

గెత్తోంగిని బోంగ్నే పెంచింది. పొగమంచు కమ్మినప్పుడల్లా ఆ పిల్ల తలుపు దగ్గర కూర్చునేది. అవ్వ పిలుస్తుందేమోనని భయం, అవ్వ పిలవాలనీ ఆశ. పెరిగి, మనవలనెత్తి, తల నెరిసిన తరువాత ఒక మంచురోజున ఒంటరిగా కనుమకు వచ్చింది. రాతి చెవిలో తన పాత పేరు యొన్‌హ్వా అని తానే చెప్పి, సాయంత్రం దాకా ఎదురుగా కూర్చుంది. ఏ పిలుపూ రాలేదు. మంచులో అంతసేపు భయం లేకుండా కూర్చోవడం ఆమెకు జన్మలో అదే మొదలు. లేచి, రాతికి జుట్టు లేకపోయినా జడ వేసినట్టు వీపు నిమిరి వెళ్ళిపోయింది.

నేటికీ పార్కునుంచి కొండకు వెళ్ళే తల్లిదండ్రులు మొదట ఉప్పవ్వ చెవిలో బిడ్డ పేరు చెప్పి దాచుకుంటారు. బిడ్డ నాలుక మీద ఉప్పు రవ్వ ఒకటి వేస్తారు. కొండ దిగి తిరిగి వచ్చేదాకా ఎంత పెద్దింటి బిడ్డయినా గెత్తోంగే. పార్కులో బిడ్డ తప్పిపోతే మైకులో పేరు చెప్పరు, ఎర్ర టోపీ పాప అనో, నీలం చొక్కా బాబు అనో అంటారు. ఉప్పవ్వకు పేరు అప్పగించిన బిడ్డ ఎంత గుంపులోనైనా ఇంటివారిని చేరుతుందని, నిద్రలో ఉలిక్కిపడదని ఇక్కడివారి విశ్వాసం.

యాత్రికులు ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. రోప్‌వే దిగి అలసిపోయి, రైలు వేళయిందని మరో దారిన పోవద్దు. వచ్చిన దారినే వచ్చి, ఉప్పవ్వ ముందు నిలబడి, బిడ్డ పేరు మీరే అడిగి తీసుకోండి. ఆవిడ పిలిచి ఇవ్వదు.