కత్తి గట్టున పెట్టిన రాకుమారుడు

మీ తాతల తాతలు కూడా పుట్టని కాలంలో, గంగ ఒడ్డున ఒక రాజు ఉండేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. ఏడు సముద్రాలు దాటి వచ్చిన యవనుడొకడు ఆయన అతిథి. ఆ యవనుడికి అన్నీ వింతే.

"అటు యుద్ధం, ఇటు రైతు దున్నుకుంటున్నాడేమిటి?" అని అడిగాడు.

"దున్నేవాణ్ని ఎవరూ ముట్టరు. శత్రువు చేనైనా సరే, ఆయుధంతో దిగకూడదు" అన్నాడు రాజు.

"మా ఊళ్లో ఈ మాట చెబితే నన్ను అబద్ధాలకోరంటారు."

ఈ ధర్మం మాంత్రికుడొకడికి కలిసొచ్చింది. తన ప్రాణం చిలుకలో పెట్టి, చిలుకను కొండల అవతలి చేలో వదిలి, ఊళ్లమీద పడ్డాడు. పెద్ద రాకుమారుడు చిలుకను చంపడానికి కత్తితో చేలోకి దిగాడు. రాయైపోయాడు. రెండోవాడు మొలలో బాకు దాచుకుని దిగాడు. రాయైపోయాడు.

మూడోవాడు మణికేతుడు. రాణి వాడి చెయ్యి పట్టుకుంది.

"ఇద్దరు పోయారు. నువ్వు కూడానా నాయనా?"

"వాళ్లను తేవడానికేనమ్మా."

దారిలో నక్కంతేసి చీమలు బంగారం తవ్వుతున్నాయి. మణికేతుడు బంగారం వంక చూడలేదు, దారి అడిగాడు.

"మీ అన్నలు మూట కట్టుకున్నారు కానీ మాతో మాట్లాడలేదు" అంది పెద్ద చీమ. "మాంత్రికుడు కూడా దున్నేవాణ్ని ముట్టలేడు. ముడితే వాడి మాయ పోతుంది."

చిలుక ఉన్న ఆ చేలో కేదారి అనే పిల్ల దిగులుగా నిలబడి ఉంది. తండ్రి మంచాన పడ్డాడు, దున్నే దిక్కు లేదు. మణికేతుడు కత్తి గట్టున పెట్టి నాగలి పట్టాడు.

"అది నాగటి చాలు కాదు, పాము నడక" అంది కేదారి.

"మొదటిసారి కదా. నువ్వు విత్తనాలు చల్లు."

మాంత్రికుడు పరుగున వచ్చి అరిచాడు, నిప్పులు కురిపించాడు, పాములను వదిలాడు. ఒక్కటీ తగల్లేదు. మణికేతుడు నాగలి వదల్లేదు. విత్తనాలకు ఆశపడి చిలుక వాలింది. కేదారి కొంగు కప్పి పట్టేసింది.

"చంపకండి" అన్నాడు మాంత్రికుడు, మోకాళ్లమీద పడి.

"మా అన్నలను లేపు."

రాళ్లు మనుషులయ్యాయి. చిలుక కేదారి దగ్గరే ఉండిపోయింది. మాంత్రికుడు బుద్ధిగా ఆ చేనికి కాపలా కాశాడు.

మణికేతుడు కేదారిని పెళ్లాడతానన్నాడు. రాజు తల అడ్డంగా ఊపాడు.

"ఎవరి వృత్తివాళ్లు వాళ్లలోనే చేసుకోవాలి. రాజు కొడుక్కి రైతు పిల్ల ఎలా?"

"రాళ్లయినవాళ్లు మనుషులై వచ్చారు" అంది రాణి. "రాకుమారుడు రైతు కాకూడదా?"

రాజు పెళ్లికి ముహూర్తం పెట్టించాడు. పెద్దవాడు చాలాకాలం రాజ్యమేలాడు. మణికేతుడు, కేదారి పిల్లాపాపలతో చేను దున్నుకున్నారు. ఎన్ని సైన్యాలొచ్చినా ఆ గట్టు పక్కనుంచే వెళ్లాయి.