తలుపుకి పసుపు రాసిన ఓడ

సముద్రం ఒడ్డున ఉన్న ఒక రాజ్యానికి మునిగి తేలే ఓడ లేదు. పక్క రాజుకి ఉంది. అది ఎక్కడ మునిగి ఎక్కడ తేలుతుందో తెలియక రేవులో జాలర్లు వల వెయ్యడానికి కూడా జంకేవారు.

అందుకని రాజు దూరద్వీపం వాళ్ళతో ఒప్పందం చేసుకున్నాడు. మొదటి ఓడ వాళ్ళు కడుతుంటే మనవాళ్ళు చూసి నేర్చుకోవాలి. రెండోది మనవాళ్ళు కడుతుంటే వాళ్ళు పక్కన నిలబడి చూడాలి. వినడానికి బాగానే ఉంది.

ద్వీపం నుంచి మేస్త్రీ వచ్చాడు. మన వడ్రంగులూ కమ్మర్లూ ఆయన చూపించిన చోటల్లా మేకులు కొట్టారు, తారు పూశారు, ఓడ ముక్కుకి రెండు వైపులా కళ్ళు దిద్దారు. ఓడ నడుం దగ్గర మాత్రం మేస్త్రీ ఒక గది కట్టించి, తన మనుషుల్నే లోపలికి తీసుకుపోయి, పని కాగానే తలుపు బిగించేశాడు. మునిగిన ఓడని పైకి తెచ్చేది ఆ గదే. బయటికి ఒక్క మీట మాత్రం వదిలాడు.

ఓడని నడపాల్సిన సరంగు వెళ్ళి అడిగాడు. "ఆ తలుపెనకాల ఏటుందో సూపించండి బాబూ. అడుక్కెళ్ళేది మేం కదా."

"మీ ఒప్పందంలో ఓడ కట్టడం నేర్పమని ఉంది," అన్నాడు మేస్త్రీ, మర్యాదగానే. "తేల్చడం నేర్పమని లేదు."

సరంగు మంత్రి దగ్గరికి పోయాడు. ద్వీపం వాళ్ళతో బేరం కుదిర్చింది ఆ మంత్రే. అసలుదే అడగడం మరిచానని రాజుతో చెప్పడానికి ఆయనకి నోరు రాలేదు. మర్నాడు ఆ గది గడపకి పసుపు రాయించి, కుంకుమ బొట్లు పెట్టించి, మామిడాకులు కట్టించాడు. "ఇది ఓడకి గర్భగుడి మహారాజా. లోపలికి ఎవరూ వెళ్ళకూడదు," అన్నాడు. రాజు చెప్పులు విప్పి దండం పెట్టాడు. సిగ్గుపడాల్సిన చోట హారతి ఇచ్చిన రాజ్యం లోకంలో అదొక్కటే అయి ఉంటుంది. కాదేమో కూడా.

సరంగు మళ్ళీ నోరెత్తబోతే మంత్రి కసిరాడు. "కందకు లేని దురద కత్తిపీటకెందుకు? రాజుగారే మొక్కారు. మధ్యలో నువ్వెంత?"

మన చేతుల మీదుగా పుట్టిన ఓడ అని ఊరూరా చాటింపు వేయించారు. కొబ్బరికాయ కొట్టి, సరంగునీ అతని మనుషుల్నీ నీటి కిందికి పంపారు.

ఓడ మునిగింది. మీట లాగి పైకి తేవాలని చూస్తే రాలేదు. లోపల గాలి బరువెక్కింది. కొందరు పసుపు గడప ముందు సాగిలపడి మొక్కుకున్నారు. సరంగు గొడ్డలి తీశాడు.

"అది గర్భగుడి సరంగూ. పాపం తగుల్తాది," అన్నాడు చుక్కాని పట్టేవాడు.

"ఒడ్డుమీదున్న మీ ఆడోళ్ళకి నానేటి సెప్పాల? పాపం నాకే తగల్నీ. పక్కకి జరుగు."

తలుపు పగిలింది. లోపల దేవుడూ లేడు, దెయ్యమూ లేదు. నీళ్ళు బయటికి తోసే పెద్ద తిత్తి ఉంది, దాన్ని నొక్కే చక్రం ఉంది, చక్రంలో ఇరుక్కుపోయిన చెక్కముక్క ఉంది. సరంగు ముక్క పీకేసి చక్రం తిప్పాడు. ఓడ తేలింది. అంతమంది ప్రాణాలు అంత చిన్న ముక్క దగ్గర ఆగి ఉన్నాయి.

ఒడ్డుకొచ్చిన సరంగు ఇంటికి కూడా పోకుండా తిన్నగా సభకి పరిగెత్తాడు. "సూసేశాను బాబూ. అది మన కమ్మరోళ్ళు సేసీగలరు. ఇంకెవుళ్ళ కాళ్ళూ పట్టుకోనక్కర్లేదు," అన్నాడు.

సభలో ఒక్కరి ముఖమూ విచ్చుకోలేదు. మేస్త్రీ లేచి ఒప్పందం భంగమైందన్నాడు. మంత్రి లేచి గుడి మైలపడిందన్నాడు. చావు తప్పించుకుని వచ్చినవాళ్ళు ఎలా ఉన్నారని ఒక్క మనిషీ అడగలేదు. ఈ కథలో నాకు ఒళ్ళు మండేది అక్కడే.

రాజు ఇద్దరి మాటా కాదనలేకపోయాడు. సరంగు ఇక రేవులో అడుగు పెట్టకూడదన్నాడు. అతను చూసింది అతను చెప్పినా, ఇంకొకరు విన్నా నేరమేనన్నాడు. ఆపైన మేస్త్రీకి శాలువా కప్పి, రెండో ఓడ కూడా మీరే కట్టి పెట్టండని బతిమాలాడు.

రెండో ఓడ మొదటిదానికన్నా అందంగా వచ్చింది. గదికి ఈసారి ఇనప తలుపు బిగించారు. పసుపు మాత్రం మనదే. సరంగు లేకుండా అతని మనుషులే ఎక్కాలి. వాళ్ళని ఒడ్డున వరసగా నిలబెట్టి సోదా చేసి, గొడ్డళ్ళూ సుత్తులూ లాక్కున్నారు.

"మరి ఓడ పైకి రాపోతే?" అని అడిగాడు చుక్కాని పట్టేవాడు.

"మొక్కుకోండి," అన్నాడు మంత్రి.

పొద్దున్నే ఓడ మునిగింది. ఒడ్డున జనం చప్పట్లు కొట్టారు. పొద్దుగూకేదాకా కొడుతూనే ఉన్నారు.